మానసిక రోగులలో మాదకద్రవ్యాల దుర్వినియోగం: నమ్మదగిన సమాచారం సేకరించడం ఎలా?

నీలిమేఘం:
సభ్యులందరికీ నమస్కారం. నేను మనోవైద్యంలో పీజీ చేస్తున్నాను. వార్డులో చేరే మానసిక రోగులలో ఎంతమంది మాదకద్రవ్యాలను గానీ, మత్తునిచ్చే మందులను గానీ దుర్వినియోగం చేస్తున్నారన్నది నా థీసిస్ విషయం. నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది పాత కేస్ షీట్ల నుంచి వివరాలు ఎత్తి రాసుకోవడం, రెండోది ఇకపై చేరేవారిని ఒక్కొక్కరినీ కలిసి ప్రశ్నావళి ద్వారా అడగడం. మొదటి దారి సులువైనది కాబట్టి కొన్ని కేస్ షీట్లు పరిశీలించాను. మత్తుపదార్థాల వాడకం గురించిన గడి చాలావాటిలో ఖాళీగా ఉంది, మరికొన్నింటిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంది. ఆ గీత చూస్తే, వైద్యుడు అడిగితే రోగి లేదన్నాడో, అసలు ఎవరూ అడగనే లేదో తెలియడం లేదు. ఇటువంటి కాగితాల నుంచి ఒక శాతాన్ని లెక్కకట్టి చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. ప్రశ్నావళి ఏది ఎంచుకోవాలి, ఎప్పుడు అడగాలి, మూత్ర పరీక్ష తప్పనిసరా, రోగి చెప్పిన రహస్యాన్ని ఎలా కాపాడాలి అన్న విషయాలపై అనుభవజ్ఞుల సలహాలు కోరుతున్నాను.

అంకెలలోకం:
మీరు పట్టుకున్న అడ్డగీతే ఈ అంశంలో అన్నిటికంటె పెద్ద సమస్య. నేను వైద్య గణాంక శాస్త్రంలో పనిచేస్తాను. కేస్ షీట్లపై ఆధారపడిన అధ్యయనాలు నా దగ్గరికి వచ్చినప్పుడు, ఖాళీ గడులన్నింటినీ 'లేదు' కింద వేసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. అలా వేసిన క్షణం నుంచి ఆ అధ్యయనం రోగుల అలవాట్లను కొలవడం మానేసి వైద్యుల అడిగే అలవాటును కొలవడం మొదలుపెడుతుంది. డ్యూటీలో ఉన్నవారు శ్రద్ధగా అడిగిన వారం శాతం పెరుగుతుంది, రద్దీగా ఉన్న వారం తగ్గుతుంది. యువకులైన మగవారిని అందరూ అడుగుతారు, వయసు మళ్ళిన స్త్రీలను ఎవరూ అడగరు. చివరికి స్త్రీలలో ఈ సమస్యే లేదని పట్టికలో తేలుతుంది.

అందుచేత మీ డేటా షీటులో ప్రతి పదార్థానికీ కనీసం నాలుగు సంకేతాలు ఉంచండి: 'వాడుతున్నట్టు చెప్పారు', 'వాడడం లేదని చెప్పారు', 'జవాబివ్వడానికి ఇష్టపడలేదు', 'అడగలేదు లేదా అడిగే స్థితి లేదు'. మూడో, నాలుగో సంకేతాలను ఎన్నడూ ఒకటిగా కలపకండి. ఇష్టపడనివారి సంఖ్య కూడా ఒక ఫలితమే. అది ఎక్కువగా ఉందంటే అడిగిన తీరులోనో, అడిగిన చోటులోనో ఏదో లోపం ఉన్నట్టు.

మనోవైద్య_మిత్ర:
నీలిమేఘం గారూ, పద్ధతి గురించి ఆలోచించే ముందు మీరు దేన్ని లెక్కిస్తున్నారో తేల్చుకోవాలి. జీవితంలో ఎప్పుడో ఒకసారి గంజాయి తాగిన వ్యక్తి, నెలకు రెండుసార్లు తాగే వ్యక్తి, అది లేనిదే పూట గడవని వ్యక్తి ముగ్గురినీ ఒకే గడిలో వేస్తే వచ్చే సంఖ్యతో చికిత్సకు ఉపయోగం ఉండదు. వాడకం, హానికరమైన వాడకం, రుగ్మత స్థాయికి చేరిన వాడకం అని మూడు మెట్లుగా చూడండి. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 అంతకు ముందున్న దుర్వినియోగం, పరాధీనత అనే రెండు విభాగాలను తీసివేసి 11 ప్రమాణాలతో ఒకే రుగ్మతగా మార్చింది. పన్నెండు నెలల కాలంలో వాటిలో రెండు లేదా మూడు ఉంటే తేలికపాటిది, నాలుగు లేదా అయిదు ఉంటే మధ్యస్థం, ఆరు లేదా అంతకు మించితే తీవ్రం.

మన రోగుల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆందోళనకు వైద్యుడు రాసిచ్చిన క్లోనజెపామ్‌ను చెప్పిన మోతాదులోనే ఏళ్ళ తరబడి వాడుతున్న వ్యక్తికి శరీరం అలవాటు పడిపోవడం, మానితే వణుకు, నిద్రలేమి రావడం సహజం. సూచించిన ప్రకారం వైద్య పర్యవేక్షణలో వాడుతున్నప్పుడు ఈ రెండింటినీ రుగ్మత ప్రమాణాలుగా లెక్కించకూడదని డీఎస్ఎం-5 స్పష్టంగా చెబుతోంది. ఈ నియమం పాటించకపోతే మన చీటీని బుద్ధిగా పాటించిన రోగినే మనం దుర్వినియోగం చేస్తున్నవాడిగా నమోదు చేస్తాం. అది అన్యాయం.

ఇక ప్రశ్నావళి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అసిస్ట్ మీకు బాగా సరిపోతుంది. అందులో ఎనిమిది ప్రశ్నలుంటాయి. పొగాకు, మద్యం, గంజాయి, కొకెయిన్, ఆంఫెటమైన్ తరగతి ఉత్తేజకాలు, పీల్చే ద్రావకాలు, నిద్రమాత్రలు, భ్రాంతిజనకాలు, నల్లమందు తరగతి మందులు, ఇతరాలు అని పదార్థం వారీగా విడివిడిగా స్కోరు వస్తుంది. మద్యం కాక మిగిలిన పదార్థాలకు 0 నుంచి 3 వరకు తక్కువ ప్రమాదం, 4 నుంచి 26 వరకు మధ్యస్థం, 27 నుంచి అధికం. మద్యానికి మాత్రం తక్కువ ప్రమాదం 10 వరకు ఉంటుంది. 1982లో స్కిన్నర్ ప్రచురించిన, మాదకద్రవ్యాల దుర్వినియోగాన్ని వడపోసే ప్రశ్నావళి డాస్ట్‌కు పది ప్రశ్నల పొట్టి రూపం ఉంది, త్వరగా అయిపోతుంది. కానీ అది మద్యాన్ని, పొగాకును వదిలేస్తుంది, ఏ పదార్థమో విడదీసి చెప్పదు. తీవ్ర మానసిక వ్యాధులున్నవారి కోసమే 1998లో వచ్చిన డాలీ అనే 18 ప్రశ్నల సాధనం కూడా ఉంది. అయితే అది మద్యం, గంజాయి, కొకెయిన్‌ల చుట్టూ తిరుగుతుంది కనుక నిద్రమాత్రల దుర్వినియోగం దానికి అందదు.

వార్డు_నర్సు:
ప్రశ్నావళి ఎంత మంచిదైనా అడిగే వేళ సరిగా లేకపోతే జవాబుకు విలువ ఉండదు. రోగి చేరిన రాత్రి ఆందోళనతోనో, ఇంజెక్షన్ మత్తులోనో ఉంటాడు. పక్కన ఇంటివాళ్ళు ఉంటారు. ఆ సమయంలో 'మీకు మత్తుపదార్థాల అలవాటు ఉందా?' అని అడిగితే తల్లి ముఖం చూసి 'లేదు' అంటాడు. అదే రోగి మూడో రోజునో నాలుగో రోజునో కాస్త నిద్రపట్టి, మాట కుదురుకున్నాక, తలుపు మూసిన గదిలో అడిగితే తనంతట తానే చెప్పుకుపోతాడు.

అడిగే క్రమం కూడా ముఖ్యం. నేను నిద్రతో మొదలుపెడతాను. నిద్రపట్టడానికి ఏమైనా వేసుకుంటారా అన్న ప్రశ్నకు ఎవరూ బెదరరు. అక్కడి నుంచి పొగాకు, మద్యం, తర్వాత వైద్యులు రాసిన మాత్రలు, వాటిని చెప్పిన దానికంటె ఎక్కువ వేసుకున్న సందర్భాలు, చివరికి గంజాయి వంటివి. 'మందులు సరిగా వాడుతున్నారా?' అని అడగను, దానికి అవునని తప్ప వేరే జవాబు రాదు. 'మాత్రలు నెల నిండకుండానే అయిపోయిన సందర్భాలు ఉంటాయా? అప్పుడు ఏం చేస్తారు?' అని అడుగుతాను. మాత్రల అట్టలు చూపించమంటే పేరు తెలియనివారు కూడా చూపించగలరు.

మరొక్క మాట. మా వార్డులలో తరచుగా చేజారిపోయే మందు ట్రైహెక్సీఫెనిడిల్. మానసిక వ్యాధికి వాడే మందుల వల్ల వచ్చే బిగుతును, వణుకును తగ్గించడానికి ఇస్తాం. కొందరు అది ఇచ్చే ఉల్లాసం కోసం ఎక్కువ మింగుతారు. 'మాదకద్రవ్యాలు' అని అడిగితే ఇది వారి మనసుకు రానే రాదు. పేరు పెట్టి అడగాలి. ఆందోళనకు ఇచ్చే అల్ప్రాజోలామ్, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, నొప్పి మాత్ర ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, మతిభ్రమకు ఇచ్చే క్వెటియాపిన్‌లను కూడా ఆ జాబితాలో చేర్చండి.

నీలిమేఘం:
ఎంతో ఉపయోగకరంగా ఉంది. నర్సు గారూ, మూడో రోజు అడగాలన్న సూచన అమలు చేస్తాను. కానీ రోగి చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న పరీక్షకులు తప్పక వేస్తారు. అందరికీ మూత్ర పరీక్ష చేస్తే ఆ సందేహం తీరుతుందా?

ప్రయోగశాల:
తీరదు. పరీక్ష పత్రంలో ఉన్నదంతా నిజమని నమ్మడం, రోగి చెప్పినదంతా అబద్ధమని అనుకోవడం రెండూ ప్రమాదకరమే. నేను జీవరసాయన విభాగంలో ఉన్నాను కనుక ఈ ప్రశ్నకు వివరంగా జవాబిస్తాను.

మొదటి చిక్కు కాలపరిమితి. మీ ప్రశ్నావళి గత మూడు నెలల గురించి అడుగుతుంది, మూత్రం మాత్రం గత కొన్ని రోజుల గురించే చెబుతుంది. ఆంఫెటమైన్లు, కొకెయిన్ అవశేషాలు సాధారణంగా రెండు మూడు రోజులు కనిపిస్తాయి. హెరాయిన్‌కు మాత్రమే ప్రత్యేకమైన 6-ఎంఏఎం అనే అవశేషం ఒక్క రోజు కూడా నిలవదు. గంజాయి ఇందుకు పూర్తిగా భిన్నం. ఒక్కసారి తాగినవారిలో సుమారు మూడు రోజులు కనిపిస్తే, చాలాకాలంగా రోజూ తాగేవారిలో మానేసిన నెల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే అది కొవ్వులో నిల్వ ఉండి నెమ్మదిగా విడుదలవుతుంది. కాబట్టి మూడు వారాల క్రితమే మానేశానని చెప్పిన రోగికి పాజిటివ్ వస్తే అతడు అబద్ధమాడినట్టు రాయకండి.

రెండో చిక్కు మీ రోగులకే ప్రత్యేకమైనది. వార్డులో వాడే స్ట్రిప్ పరీక్షలు యాంటీబాడీలపై ఆధారపడతాయి. ఆకృతిలో పోలిక ఉన్న వేరే అణువును కూడా అవి పట్టుకుంటాయి. మనోవైద్యులు నిత్యం రాసే మందులలో చాలావాటికి ఈ గుణం ఉంది. బుప్రోపియాన్, ట్రజొడోన్, క్లోర్‌ప్రోమజైన్ వాడేవారిలో ఆంఫెటమైన్ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. క్వెటియాపిన్ నల్లమందు తరగతికి చెందిన మెథడోన్ పరీక్షనూ, వెన్లాఫాక్సిన్ భ్రాంతిజనక మత్తుమందైన ఫెన్‌సైక్లిడిన్ పరీక్షనూ, సెర్ట్రలీన్ బెంజోడయాజెపైన్ (క్లోనజెపామ్, అల్ప్రాజోలామ్ వంటి మందుల తరగతి) పరీక్షనూ తప్పుదారి పట్టించిన సందర్భాలు నమోదయ్యాయి. ఇందుకు విరుద్ధంగా క్లోనజెపామ్, లొరాజెపామ్ వాడుతున్నా బెంజోడయాజెపైన్ స్ట్రిప్ నెగెటివ్ చూపించడం మామూలే. కృత్రిమ గంజాయి రసాయనాలైతే మామూలు గంజాయి స్ట్రిప్‌కు అందవు. అందువల్ల స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనానూ అణువులను బరువును బట్టి కచ్చితంగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో నిర్ధారించుకున్న తర్వాతే లెక్కలో చేర్చండి. ఆ సౌకర్యం లేకపోతే థీసిస్‌లో 'ప్రాథమిక పాజిటివ్' అని మాత్రమే రాయండి, 'వాడినట్టు రుజువైంది' అని రాయకండి. నమూనా తీసేనాటికి రోగికి ఇస్తున్న మందులన్నీ, ఆసుపత్రిలో వేసిన మత్తు ఇంజెక్షన్‌తో సహా, నమూనా ఫారంలోనే రాసి పంపితే మాకు సగం పని తగ్గుతుంది.

వెంట్రుకల పరీక్షకు ఎక్కువ కాలం అందుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక మొదటి మూడు సెంటీమీటర్లు ఇంచుమించు మూడు నెలల చరిత్రను చెబుతాయి. అసిస్ట్ అడిగే కాలానికి అది సరిపోలుతుంది. ఖర్చు మాత్రం పీజీ థీసిస్‌కు మించినది.

అంకెలలోకం:
ప్రయోగశాల గారు చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తాను. ఒక పరీక్ష నిజంగా వాడేవారిలో 90 శాతం మందిని పట్టుకుంటుందని, వాడనివారిలో 90 శాతం మందిని సరిగా వదిలేస్తుందని అనుకుందాం. వందమందిలో 30 మంది వాడుతున్న వార్డులో 27 నిజమైన పాజిటివ్‌లు, 7 తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి, అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు వాడుతున్నవారే. అదే పరీక్షను వందకు అయిదుగురు మాత్రమే వాడే పదార్థానికి ఉపయోగిస్తే, వెయ్యిమందిలో 45 నిజమైనవి, 95 తప్పుడువి. పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరు అమాయకులు. అరుదైన పదార్థాల విషయంలో స్ట్రిప్ ఒక్కదాన్నే నమ్మి రోగి కేస్ షీటులో ఏదీ రాయకూడదనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు.

నమూనా పరిమాణం గురించి మీరు అడగలేదు గాని, ఎలాగూ అవసరమవుతుంది. అంచనా 30 శాతం అనుకొని, అటూ ఇటూ 5 శాతం తేడాతో, 95 శాతం విశ్వాస స్థాయిలో చెప్పాలంటే 323 మంది కావాలి. ముందస్తు అంచనా ఏదీ లేకపోతే 50 శాతం పెట్టుకోండి, 385 వస్తుంది. మీకు అనువుగా దొరికినవారిని ఎంచుకోకుండా, చేరిన వరుసలోనే అందరినీ తీసుకోండి. తీసుకోలేకపోయినవారి వయసు, లింగం, రోగనిర్ధారణ, వదిలేయడానికి కారణం విడిగా ఒక రిజిస్టరులో రాసి ఉంచండి. వైద్యులు వద్దన్నా వెళ్ళిపోయేవారిలో, మొదటి రెండు రోజుల్లోనే డిశ్చార్జ్ అయ్యేవారిలో మత్తు వాడకం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. వారు జారిపోతే మీ శాతం నిజానికంటె తక్కువగా తేలుతుంది.

తోడబుట్టినవాడు:
నేను వైద్యరంగంలో లేను. మా తమ్ముడికి చాలా ఏళ్ళుగా స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే తీవ్ర మానసిక వ్యాధి) ఉంది. పైన ఒకచోట ఇంటివాళ్ళు పక్కనుంటే రోగి నిజం చెప్పడని రాశారు, అది వాస్తవమే. కానీ ఇంటివాళ్ళను పూర్తిగా పక్కన పెట్టకండి. ఏ రోజుల్లో అతడు రాత్రంతా మేలుకొని ఉన్నాడో, ఎప్పుడు డబ్బు మాయమైందో, ఏ స్నేహితుడు వచ్చి వెళ్ళాక మాట తీరు మారిందో మాకు తెలుస్తుంది. మా తమ్ముడికి కాలం లెక్క ఉండదు. నిన్న జరిగినది పోయిన ఏడాదిదని చెబుతాడు. అది అతడు దాచడం కాదు, గుర్తుండకపోవడం.

అయితే మమ్మల్ని అడిగే ముందు అతడిని అడగండి. ఒకసారి ఒక వైద్యుడు తమ్ముడు నమ్మి చెప్పిన విషయాన్ని మా ముందే ప్రస్తావించారు. ఆ తర్వాత తమ్ముడు చాలాకాలం ఏ వైద్యుడితోనూ నోరు విప్పలేదు. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు.

మనోవైద్య_మిత్ర:
తోడబుట్టినవాడు గారి మాటలను నీలిమేఘం గారు తమ పద్ధతుల అధ్యాయంలోనే పాటించాలని కోరుతున్నాను. బంధువులతో మాట్లాడడానికి రోగి నుంచి వేరుగా సమ్మతి తీసుకోవాలి. ఒకవేళ రోగి ఒప్పుకుంటే, సమాచారం బంధువుల నుంచి రోగి వైపు రావాలి గాని, రోగి చెప్పినది బంధువుల వైపు పోకూడదు.

జ్ఞాపకం విషయంలో టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ అనే పద్ధతి తోడ్పడుతుంది. రోగి ముందు ఒక క్యాలెండరు పెట్టి, పండుగలు, జీతాల రోజులు, ఓపీకి వచ్చిన తేదీలు, ఇంట్లో జరిగిన ముఖ్య సంఘటనలు మొదట గుర్తు పెట్టించి, వాటి చుట్టూ వాడకాన్ని రోజు రోజుకూ నింపిస్తారు. ఆలోచన చెదిరిపోయే రోగికి కూడా 'గత మూడు నెలల్లో ఎన్నిసార్లు?' అన్న ఉత్త ప్రశ్న కంటె ఇది సులువుగా ఉంటుంది. దానికి పట్టే సమయం ఎక్కువ, అందుచేత అసిస్ట్‌లో 4 గానీ అంతకంటె ఎక్కువ గానీ వచ్చినవారికి మాత్రమే చేయండి.

ఈ క్యాలెండరు వల్ల మరో ప్రయోజనం ఉంది. మత్తు ముందా, వ్యాధి ముందా అన్న చిక్కుముడి కొంత వీడుతుంది. మత్తుపదార్థం వల్లనే తలెత్తిన మతిభ్రమ సాధారణంగా వాడకం ఆగిన నెలలోపు తగ్గుముఖం పడుతుంది. వాడకానికి ముందు నుంచే లక్షణాలు ఉన్నా, మానేసిన నెల దాటినా కొనసాగినా, స్వతంత్రమైన మానసిక వ్యాధి ఉందని అనుమానించాలి. మీరు వాడకం మొదలైన వయసును, మొదటి లక్షణం కనిపించిన వయసును వేర్వేరు గడుల్లో రాసుకోకపోతే తర్వాత ఎంత వెతికినా ఆ వరుస దొరకదు.

తేరుకుంటున్నవాణ్ణి:
ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే బైపోలార్ వ్యాధితోను, గంజాయి అలవాటుతోను చాలాకాలం గడిపినవాణ్ణి. ఈ చర్చ అంతా చదివాను. రోగులు ఎంతమేరకు నిజం చెబుతారన్నదే అందరూ మాట్లాడుతున్నారు. నిజం చెప్పినందుకు రోగికి ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలని కోరుతున్నాను.

నేను ఉన్న ఒక వార్డులో, వాడకం ఉందని ఒప్పుకున్నవారి బయటి విహారం ఆపేవారు. నిద్రపట్టడం లేదని చెప్పినా అతడికి మందు ఆశ ఉందని కొట్టిపారేసేవారు. ఒంట్లో నొప్పి అన్నా అదే అనుమానం. ఇది రెండు రోజుల్లో వార్డంతటికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత చక్కని ప్రశ్నావళి తెచ్చినా అందరూ 'లేదు' అనే చెబుతారు. అటువంటి చోట తక్కువ శాతం వచ్చిందంటే అక్కడ వాడకం తక్కువని కాదు, భయం ఎక్కువని. కనుక మొదలుపెట్టే ముందు మీ విభాగం పెద్దలతో మాట్లాడి, అధ్యయనంలో చెప్పిన దేనినీ శిక్షకు కారణం చేయబోమని హామీ తీసుకోండి. ఆ హామీని రోగులకు కాగితం మీద చూపించండి.

రెండోది, ఎందుకు వాడుతున్నారో అడగండి. నేను చెవిలో మాటలు వినిపించినప్పుడు వాడలేదు, ఉత్సాహం పొంగిన రోజుల్లో వేగం తగ్గించుకోవడానికి వాడాను. నా పక్క మంచం మీది వ్యక్తి మందుల వల్ల వచ్చిన మొద్దుబారినతనం పోవడానికి వాడేవాడు. మరొకరు కేవలం నలుగురితో కూర్చోవడానికి వాడేవారు, ఎందుకంటే అతడి జబ్బు తెలిసినా పక్కన కూర్చోనిచ్చినవాళ్ళు వాళ్ళే. ఈ మూడింటికీ చికిత్స ఒకటి కాదు. సంఖ్యలతోపాటు ఒక్క ఖాళీ గడి పెట్టి రోగి మాటలను రోగి మాటల్లోనే రాసుకోండి.

అంకెలలోకం:
తేరుకుంటున్నవాణ్ణి గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. భయం వల్ల వచ్చే ఈ లోపాన్ని తగ్గించడానికి గణాంక శాస్త్రంలో 1965లో వార్నర్ ప్రతిపాదించిన ఒక పద్ధతి ఉంది. రోగి ఎవరికీ కనిపించకుండా పాచిక వంటిది వేసి, దాన్ని బట్టి ఒక ప్రశ్నకో దాని వ్యతిరేక ప్రశ్నకో జవాబిస్తాడు. అడిగినవారికి అతడు ఏ ప్రశ్నకు జవాబిచ్చాడో తెలియదు, అయినా మొత్తం గుంపులో శాతాన్ని లెక్కకట్టవచ్చు. నీలిమేఘం గారు దీన్ని ఉపయోగించవచ్చునేమో.

మనోవైద్య_మిత్ర:
ఈ సూచనతో నేను ఏకీభవించలేను. ఆ పద్ధతి ఆరోగ్యవంతుల సర్వేలలో అందంగా పనిచేస్తుంది. తనను ఎవరో గమనిస్తున్నారని, తన జవాబులను యంత్రాలు మారుస్తున్నాయని నమ్మే రోగి చేతికి పాచిక ఇచ్చి 'నువ్వు ఏమి చెప్పావో మాకు తెలియదులే' అంటే అతడి అనుమానం పెరుగుతుంది. పైగా మనకు వ్యక్తి వారీగా సమాచారం దక్కదు. వాడకానికీ వ్యాధి లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని చూడాలంటే అది కావాలి. ఆ శ్రమను సమ్మతి మీద, గోప్యత మీద పెట్టడం మేలు.

అంకెలలోకం:
మీ అభ్యంతరం సమంజసంగానే ఉంది. అనుమాన లక్షణాలున్నవారిలో అది పనికిరాదని ఒప్పుకుంటున్నాను. అయితే గోప్యతకు సంబంధించి గణాంకుడిగా ఒక షరతు పెడతాను. పేరు తీసేసినంత మాత్రాన రోగి గుర్తు మాయం కాదు. చిన్న వార్డులో '19 ఏళ్ళ యువతి, స్కిజోఫ్రేనియా, నల్లమందు తరగతి మందులు' అని పట్టికలో ఒకే ఒక్కరు కనిపిస్తే అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. గడిలో అయిదుగురి కంటె తక్కువ ఉంటే వయసు వర్గాలను గానీ పదార్థాలను గానీ కలిపి చూపండి. పేర్లకూ సంకేత సంఖ్యలకూ ఉన్న జాబితాను డేటా ఉన్న కంప్యూటరులో ఉంచకండి, వేరేచోట తాళం వేసి ఉంచండి.

ప్రయోగశాల:
మూత్ర పరీక్ష విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చికిత్స కోసం ఎలాగూ నమూనా తీస్తున్నాం కదా, అందులోంచి కొంచెం వాడుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. తప్పే. పరిశోధన కోసం చేసే పరీక్షకు వేరే సమ్మతి కావాలి, దాని ఫలితం సంకేత సంఖ్యతో పరిశోధన ఫైలులోకే వెళ్ళాలి. పేరుతో ల్యాబ్ రిజిస్టరులోకి ఎక్కితే దాన్ని చూసేవారు ఎందరో ఉంటారు.

వార్డు_నర్సు:
అది నిజమే. కానీ ఒక సందర్భంలో ఫలితం వైద్యుడికి తెలియకపోవడం ప్రమాదం. రోజూ పెద్ద మోతాదులో అల్ప్రాజోలామ్ వేసుకునే రోగి వార్డులో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో మూర్ఛ రావచ్చు. అతడు మీ పరిశోధన గదిలో ఈ విషయం చెప్పి ఉంటే, అది మీ ఫైలులోనే ఉండిపోతే, రాత్రి డ్యూటీలో ఉన్న నాకు ఎలా తెలుస్తుంది? మద్యం విషయమూ అంతే. పొగాకు కూడా తక్కువది కాదు. స్కిజోఫ్రేనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడే వ్యక్తి పొగ తాగడం హఠాత్తుగా మానేస్తే రక్తంలో ఆ మందు పాళ్ళు పెరుగుతాయి, ఎందుకంటే పొగ కాలేయంలో ఆ మందును త్వరగా కరిగించే ఎంజైమును పెంచుతుంది.

మనోవైద్య_మిత్ర:
నర్సు గారు లేవనెత్తినది ఈ చర్చలో అతి కఠినమైన ప్రశ్న. దీనికి జవాబు సమ్మతి పత్రంలోనే ఉండాలి. 'మీరు చెప్పినవి రహస్యంగా ఉంటాయి. అయితే మీ ప్రాణానికి గానీ మరొకరి ప్రాణానికి గానీ వెంటనే ముప్పు ఉందని అనిపిస్తే, లేదా హఠాత్తుగా ఆపితే ప్రమాదకరమైన మందు వాడుతున్నారని తెలిస్తే, ముందు మీతో చెప్పి, మీకు చికిత్స చేస్తున్న వైద్యుడికి ఆ ఒక్క సంగతీ తెలియజేస్తాం' అని తేలిక మాటల్లో రాయండి. మొదటే ఈ హద్దు చెప్పినందువల్ల ఎవరైనా నోరు మూసుకుంటే ఆ నష్టం మనం భరించాలి. దాచిపెట్టి తర్వాత బయటపెట్టడం కంటె అదే మేలు.

ఈ కారణం చేతనే మొత్తం ప్రశ్నావళి మూడో రోజు దాకా ఆగినా, మానితే ప్రమాదకరమైన మందుల గురించి చేరిన రోజే చికిత్సలో భాగంగా అడగాలి. అది పరిశోధన ప్రశ్న కాదు, వైద్యుడి బాధ్యత.

సమ్మతి ఇచ్చే సామర్థ్యం సంగతి కూడా చూడండి. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన సామర్థ్యం లేదనుకోకూడదు, సంతకం చేశాడు కాబట్టి ఉందనీ అనుకోకూడదు. అధ్యయనం దేనికోసం, వద్దంటే చికిత్సకు నష్టం ఉండదన్న సంగతి అర్థమైందా, మధ్యలో మానుకోవచ్చునని తెలుసా అని రోగి చేతనే తన మాటల్లో చెప్పించండి. చెప్పలేకపోతే రెండు రోజుల తర్వాత మళ్ళీ ప్రయత్నించండి. తీవ్ర స్థితిలో ఒప్పుకున్నవారిని కుదుటపడ్డాక మరోసారి అడగండి, వద్దంటే వారి వివరాలు తొలగించండి. చికిత్స చేస్తున్న వైద్యుడు స్వయంగా సమ్మతి అడిగితే రోగి కాదనలేడు, కనుక ఆ పని వేరొకరికి అప్పగించండి.

అంకెలలోకం:
ఫలితాలు రాసేటప్పుడు ఒక్క హెచ్చరిక. ఆసుపత్రిలో చేరినవారిలో వచ్చిన శాతాన్ని మానసిక వ్యాధి ఉన్నవారందరికీ ఆపాదించకండి. రెండు సమస్యలున్నవారు ఒక్క సమస్య ఉన్నవారి కంటె ఆసుపత్రికి ఎక్కువగా చేరతారు కాబట్టి వార్డులో ఆ రెండూ నిజానికి మించి జతకట్టినట్టు కనిపిస్తాయి. 1946లో బెర్క్‌సన్ చూపిన పక్షపాతం ఇదే. జనసామాన్యంలో ఎంత ఉందో చూడాలంటే అమెరికాలో 1980ల తొలి సంవత్సరాలలో 20,291 మందిపై జరిగి, 1990లో రీగర్ బృందం ప్రచురించిన సర్వేను చూడండి. స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో 47 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యం లేదా ఇతర మత్తుపదార్థాల రుగ్మత ఉన్నట్టు అందులో తేలింది. అది జీవితకాలపు లెక్క, మద్యంతో కలిపిన లెక్క. మీరు అడిగే మూడు నెలల లెక్కను దాని పక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చెప్పడానికి వీల్లేదు.

నీలిమేఘం:
అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పాత కేస్ షీట్ల దారిని వదిలేస్తున్నాను. వాటిని ఒక చిన్న ప్రశ్నకు మాత్రం వాడుకుంటాను: మత్తుపదార్థాల గురించి అడిగినట్టు స్పష్టంగా రాసి ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని, అడిగినవారు ఎవరు. కొత్తగా చేరేవారిలో చేరిన రోజు ప్రమాదకరమైన మందుల గురించి చికిత్స ప్రశ్నలు, మూడో రోజు నుంచి సమ్మతి, అసిస్ట్, పేరు పెట్టి అడిగే మందుల జాబితా, అవసరమైనవారికి క్యాలెండరు, 'ఎందుకు వాడుతున్నారు?' అన్న ఖాళీ గడి ఉంటాయి. మూత్ర పరీక్షను విడి సమ్మతితో, ఒప్పుకున్నవారికి మాత్రమే చేస్తాను. శిక్ష ఉండదన్న హామీ కోసం విభాగాధిపతిని కలుస్తున్నాను. హామీ రాకపోతే మొదలుపెట్టను.

ఒక్క సందేహం మిగిలింది. మూడో రోజుకు ముందే డిశ్చార్జ్ అయ్యేవారిని ఏం చేయాలి?

వార్డు_నర్సు:
డిశ్చార్జ్ కాగితాలు సిద్ధమవుతున్నప్పుడు కనీసం అరగంట వ్యవధి ఉంటుంది. ఆ సమయంలో రోగి ఒప్పుకుంటే ఒకే ప్రశ్న అడగండి: గత ఏడాదిలో ఎన్నిసార్లు నిషిద్ధ మత్తుపదార్థం గానీ, చికిత్సకు కాక వేరే కారణంతో మాత్రలు గానీ వాడారు? సున్నా కాకపోతే తర్వాతి ఓపీ తేదీన మిగతా ప్రశ్నలు అడగడానికి సమ్మతి తీసుకోండి. ఆ ఓపీకి రానివారిని మీ నాలుగో సంకేతం ('అడగలేదు లేదా అడిగే స్థితి లేదు') కిందే ఉంచండి. మత్తులో ఉండి వెళ్ళిపోతున్నవారిని మాత్రం ఆపి అడగకండి, వారితో వెళ్ళేవారికి అత్యవసర సంప్రదింపు వివరాలు ఇచ్చి పంపండి.

అంకెలలోకం:
ఆ ఒక్క ప్రశ్నకు జవాబిచ్చినవారిని ప్రధాన పట్టికలో కలపకుండా విడి వరుసలో చూపండి. గత ఏడాదికీ గత మూడు నెలలకూ లెక్క కుదరదు. డేటా షీటు నమూనా తయారుచేశాక ఇక్కడ పెట్టండి, సంకేతాలు సరిచూసి ఇస్తాను.